బగ్ ఒకటి, మెయిళ్లు పది

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో నమోదైన ప్రతి తప్పుకూ, అంటే బగ్‌కూ, ఒక నంబరు, ఒక పేజీ ఉంటాయి. ఈ పేజీలను నడిపే వ్యవస్థ పేరు ఇష్యూ ట్రాకర్. అది ఆఫీసులో ఫైలు లాంటిది. అర్జీ ఎవరు పెట్టారు, ఇప్పుడు ఎవరి బల్ల మీద ఉంది, ఎక్కడ ఆగింది అన్నీ అందులో నమోదవుతాయి. కాకపోతే ఇక్కడ ఫైలు కదిలిన ప్రతిసారీ సంబంధించిన వాళ్లందరికీ మెయిల్ వెళ్తుంది. అదే నోటిఫికేషన్. ఊరూ దేశమూ వేరైన మనుషులు కలిసి పనిచేయగలుగుతున్నది ఈ మెయిళ్ల వల్లే. అవి మితిమీరితే ఆ పనే కుంటుపడుతుంది.

ఇది ఎలా జరుగుతుందో ఒక తెలుగు ఫాంటుతో చూడవచ్చు. భారతీయ లిపుల కోసం రెడ్ హ్యాట్ సంస్థ 2004లో స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేసిన ఫాంట్ల పేరు లోహిత్. లోహితం అంటే ఎరుపు. వాటిలో ఒకటి లోహిత్ తెలుగు. ఫెడోరా లైనక్స్‌లో ఈ ఫాంటు మీద వచ్చే ఫిర్యాదులు రెడ్ హ్యాట్ వారి బగ్‌జిల్లా ట్రాకర్‌లో చేరతాయి. బగ్‌జిల్లా 1998లో మొజిల్లా ప్రాజెక్టుతో పాటు పుట్టిన సాఫ్ట్‌వేర్.

శంషాబాద్ దగ్గర మామిడిపల్లిలో ఒక విద్యార్థికి తన కంప్యూటర్‌లో ‘రాష్ట్రం’ అన్న మాటలో ట వత్తు, ర వత్తు ఒకదాని మీద ఒకటి పడినట్టు కనిపించిందనుకుందాం. అతను బగ్ నమోదు చేయగానే మొదటి మెయిల్ బయల్దేరుతుంది. ‘ఏ వెర్షన్? స్క్రీన్‌షాట్ పెట్టండి’ అని నిర్వాహకుడు అడిగితే రెండోది. బొమ్మ పెడితే మూడోది. తీవ్రత ‘మధ్యస్థం’ నుంచి ‘తక్కువ’కు మారిస్తే నాలుగోది. పని ఒకరికి అప్పగిస్తే అయిదోది. ఫాంటు సరిచేశాక ఫెడోరాలో కొత్త వెర్షన్లను విడుదల చేసే బోధి అనే వ్యవస్థ రంగంలోకి దిగుతుంది. సవరణ అందిందని ఒకసారి, పరీక్షకు పెట్టామని ఒకసారి, అందరికీ విడుదల చేశామని ఒకసారి తనంతట తానే బగ్ పేజీలో రాస్తుంది. ఆ చివరి రాతతోనే బగ్ మూతపడుతుంది. చర్చల మెయిలింగ్ జాబితాలో 200 మంది ఉండి, ఈ ఎనిమిది మెయిళ్లూ అక్కడికే వెళ్తే ఇన్‌బాక్సుల తలుపు 1,600 సార్లు తట్టినట్టే. వాటిలో మనిషి ఆలోచించి జవాబివ్వాల్సినవి ఒకటో రెండో.

దీనికి తోడు ఫెడోరా ప్రతి వెర్షన్‌కూ సుమారు 13 నెలల ఆయుష్షే ఉంటుంది. గడువు దగ్గరపడగానే ఆ వెర్షన్ మీద మిగిలిన బగ్‌లన్నిటికీ హెచ్చరిక వెళ్తుంది. గడువు తీరాక అవన్నీ మూకుమ్మడిగా మూతపడతాయి. రెండుసార్లూ ఎన్ని బగ్‌లో అన్ని మెయిళ్లు.

ఈ మెయిళ్ల తాకిడికి చాలా ప్రాజెక్టులు కనుక్కున్న మందు ఒక్కటే: మాటలకు ఒక జాబితా, యంత్రం రాసే మెయిళ్లకు మరో జాబితా. ఫెడోరాలో భాషల విభాగం చర్చలు ఒక జాబితాలో నడుస్తుంటే, బగ్ మెయిళ్లకు పేరు చివర ‘బగ్స్’ అని చేర్చిన వేరే జాబితా ఉంది. అపాచీ ప్రాజెక్టుల్లో చర్చకు ‘డెవ్’, బగ్‌లకు ‘ఇష్యూస్’, కోడ్ మార్పులకు ‘కమిట్స్’ అని మూడు జాబితాలు పెట్టుకునే వాడుక ఉంది. ఏది ఎటు పోవాలో కోడ్‌తో పాటే ఉండే చిన్న సెట్టింగుల ఫైలులో రాసుకుంటారు.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా సాంకేతిక విన్నపాలు కూడా ఇలాంటి ట్రాకర్‌కే చేరతాయి. వికీపీడియాను నడిపే వికీమీడియాలో సాంకేతిక చర్చకు ‘వికీటెక్’ జాబితా ఉంటే, బగ్ మెయిళ్ల కోసం ‘వికీబగ్స్’ అని మరొకటి పెట్టారు. 2014లో వికీమీడియా బగ్‌జిల్లా నుంచి ఫాబ్రికేటర్ అనే మరో ట్రాకర్‌కు మారింది. అప్పుడు పాత నంబర్లకు 2,000 కలిపారు. ఒకటో నంబరు బగ్ టీ2001 అయింది. పాత మెయిల్‌లో కనిపించిన నంబరుతో ఇప్పటి పేజీని పట్టుకోవడానికి ఈ లెక్క చాలు.

డెబియన్ లైనక్స్ దారి వేరు. 1994లో మొదలైన దాని బగ్ వ్యవస్థకు మెయిలే ప్రాణం. ప్రతి బగ్‌కూ సొంత మెయిల్ అడ్రసు ఉంటుంది. దానికి రాసిన జవాబు నేరుగా బగ్ పేజీలో చేరుతుంది. నంబరు పక్కన ‘డన్’ అని చేర్చిన అడ్రసుకు రాస్తే బగ్ మూతపడుతుంది. ఈ సౌకర్యం లేని చోట కూడా ఉందనుకుని నోటిఫికేషన్‌కు జవాబు కొడితే ఆ జవాబు జాబితాలో ఒక చోట, బగ్ పేజీ మరో చోట ఉండిపోతాయి. ఆర్నెల్ల తర్వాత వెతికేవాళ్లకు సగం కథే దొరుకుతుంది. అందుకే జవాబు ఎక్కడికి పోతుందో చూసుకోవడం మొదటి జాగ్రత్త.

అందుకునేవారి చేతిలోనూ పగ్గాలున్నాయి. బగ్‌జిల్లా సెట్టింగుల్లో ఒక పట్టిక ఉంటుంది. ఒక పక్క పాత్రలు: నమోదు చేసినవారు, పని తీసుకున్నవారు, కాపీలో ఉన్నవారు. మరో పక్క సంఘటనలు: కొత్త వ్యాఖ్య, స్థితి మార్పు, అటాచ్‌మెంట్. ఏ పాత్రలో ఏ సంఘటనకు మెయిల్ రావాలో గళ్లలో టిక్కులు పెట్టుకోవచ్చు. గిట్‌హబ్‌లోనైతే ప్రాజెక్టు మొత్తాన్నీ గమనించడం మానేసి, తాము పాల్గొన్నవీ తమ పేరు ప్రస్తావించినవీ మాత్రమే వచ్చేలా పెట్టుకోవచ్చు. మెయిల్ పైభాగంలో దాగి ఉండే వివరాలూ పనికొస్తాయి. ఏ జాబితా నుంచి వచ్చిందో చెప్పే ‘లిస్ట్-ఐడీ’ 2001లోనే ప్రమాణంగా స్థిరపడింది. ఎందుకు వచ్చిందో బగ్‌జిల్లా, గిట్‌హబ్ రెండూ విడిగా రాస్తాయి. సబ్జెక్టులోని మాటలను బట్టి వేసే ఫిల్టర్ కన్నా వీటిని బట్టి వేసేదే నమ్మదగినది, ఎందుకంటే సబ్జెక్టును ఎవరైనా మార్చేయగలరు.

ఫిల్టర్‌కూ ఒక ప్రమాదం ఉంది. అన్నీ ఒక ఫోల్డర్‌లోకి నెట్టేసి దాన్ని తెరవకపోతే, ‘రాష్ట్రం’ విరిగిందన్న ఫిర్యాదు కూడా అందులోనే పడి ఉంటుంది. బగ్‌ల జాబితా వేరుచేసిన ప్రాజెక్టులో దాన్ని వంతులవారీగా చదివే మనిషి కూడా ఉండాలి. తనకు సంబంధించినవి ఇన్‌బాక్సులోకి, తక్కినవి ఫోల్డర్‌లోకి, ఆ ఫోల్డర్‌కు వారానికి ఒక పూట: కొత్తగా చేరే వాలంటీరు ఈ మూడు ఏర్పాట్లతో మొదలుపెడితే సరిపోతుంది.