పలక, లలన, కనకం: తెలుగులో పదాల చదరం కట్టేద్దామా?

లాల్ దర్వాజా నుంచి ఈరోజు ఎపిసోడ్, పదాల చదరం. రూల్ ఒక్కటే: అడ్డంగా చదివినా, నిలువుగా చదివినా అవే పదాలు రావాలి. ఆట పాతదే. 79లో అగ్నిపర్వతం బూడిదలో కూరుకుపోయిన పాంపేయిలో కూడా ఇలాంటి లాటిన్ చదరం దొరికింది. మనది చూడండి:

ప ల క
ల ల న
క న కం

ఎలా కట్టాలి? మొదటి వరస పలక అనుకోండి. ఇక రెండో పదం ‘ల’తో, మూడోది ‘క’తో మొదలవ్వాల్సిందే. రెండోది లలన పెడితే, మూడోదాని నడిమి అక్షరం ‘న’ అయిపోతుంది. కనకం సెట్!

దీనికి నేను పైథాన్‌లో కోడ్ రాశా. అది కనకాన్నే రిజెక్ట్ చేసింది! యూనికోడ్‌లో సున్నాకి వేరే కోడ్ ఉంటుంది కదా, అందుకే కంప్యూటర్ లెక్కలో కనకం 4. గంటసేపు తల పట్టుకున్నా. మా నాయనమ్మ వేళ్ల మీద లెక్కపెట్టి, "మూడే గద బిడ్డా" అంది. గుణింతం, ఒత్తు, సున్నా ఏది చేరినా అక్షరం ఒక్కటే, గడి ఒక్కటే. బీటెక్ చదివిన నేను అదే మర్చిపోయా.

ఇక మీ వంతు. కల, లతతో 2×2 వచ్చేస్తుంది. 4×4కి మాత్రం ఇంట్లో పెద్దవాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి!