ముందు మెరుపు, తర్వాతే మాట

భౌతిక శాస్త్రం విడి పుస్తకంగా పిల్లల చేతికొచ్చేది హైస్కూల్లో. అందులోని సంగతులు మాత్రం నాలుగేళ్లకే ఎదురవుతాయి. గ్లాసు జారితే కిందికే పడుతుంది, సాయంత్రానికి నీడ సాగుతుంది, బకెట్లో ముంచిన చెంబు బుడబుడమంటుంది. ఎందుకని అడిగే వయసు ఒకటి, జవాబు దొరికే వయసు ఇంకొకటి. ఈ ఎడాన్ని పూడ్చడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. వరస తప్పకపోతే చాలు: ముందు చూడటం, ఏం జరుగుతుందో ఊహించి చెప్పడం, చేసి చూడటం, ఆఖరున పేరు పెట్టడం. ‘బాష్పీభవనం’ అన్న మాటతో మొదలుపెడితే అది తప్పుల్లేకుండా రాయాల్సిన డిక్టేషన్ మాటగానే మిగిలిపోతుంది.

పల్నాడులో సున్నం బట్టీలకు పేరుపడ్డ పిడుగురాళ్లలో, చుట్టూ ఉన్న పత్తి, మిరప చేలల్లో ఇందుకు కావలసిన సరంజామా అంతా ఉంది. ఎండలకు పేరుమోసిన రెంటచింతల కూడా ఈ పల్నాడులోనిదే. అందుకే ఇక్కడ మొదటి పాఠం నీళ్లకుండ. కుండలో నీళ్లు చల్లగా ఎందుకుంటాయని అడిగితే ఇంట్లో వచ్చే జవాబు “మట్టి చలవ”. ఈ జవాబును పరీక్షకు పెట్టవచ్చు. ఒక కుండలో, ఒక స్టీలు బిందెలో సమానంగా నీళ్లు పోసి నీడన, గాలి తగిలేచోట ఉంచాలి. కుండ గెలుస్తుందని పిల్లలకు ముందే తెలుసు కాబట్టి ఇక్కడ వింతేమీ లేదు. రెండో రోజు బిందెకు తడిగుడ్డ చుట్టి, ఆరకుండా తడుపుతూ ఉండాలి. మట్టి ఊసే లేని బిందెలోనూ నీళ్లు చల్లబడతాయి. మూడో రోజు కుండ ఒంటికి పాలిథిన్ కవరు బిగించి, మూతి దాకా కట్టేయాలి. మట్టి అదే, చలవ మాత్రం పోతుంది. చల్లబరిచేది మట్టి కాదు, దాని సన్నని రంధ్రాల గుండా బయటికి ఊరి ఆవిరయ్యే నీరు అని పిల్లలు తామే తేల్చుకుంటారు. ఒక గ్రాము నీరు ఆవిరవుతూ లాక్కుపోయే వేడి సుమారు 2,400 జౌళ్లు. అర కిలోకు పైగా నీటిని ఒక డిగ్రీ చల్లబరచడానికి అది చాలు. బాష్పీభవనం అన్న పేరు చెప్పాల్సింది ఇప్పుడు. ముసురు పట్టిన రోజు అదే కుండ ఎందుకు మొరాయిస్తుందన్న ప్రశ్నను పిల్లలకే వదిలేయడం మేలు.

పత్తిది ఇంకో తమాషా. చేలో తీసిన పత్తిని గింజ ఒలిచి నీళ్ల గిన్నెలో వేస్తే పైనే తేలుతుంది, తడవడానికి ఒప్పుకోదు. మందుల షాపులో కొన్న దూది క్షణాల్లో నీళ్లు పీల్చుకుని మునుగుతుంది. రెండూ పత్తే కదా అని పిల్లలు నిలదీస్తారు. చేలో పత్తిపోగుకు పైన సన్నని మైనపు పొర ఉంటుంది. దూది తయారీలో క్షారంతో ఉడికించి ఆ పొర తీసేస్తారు. అదే దూదిని పొడి గ్లాసు అడుగున కుక్కి, గ్లాసును నిటారుగా బోర్లించి బకెట్లో ముంచితే దూది తడవదు. ఖాళీ గ్లాసు నిజానికి ఖాళీ కాదని, అందులో గాలి కాపురముందని నాలుగేళ్ల పిల్లకైనా అర్థమవుతుంది. గ్లాసు వంచితే ఆ గాలే బుడగలై బయటికొస్తుంది.

మిరపకాయ నేర్పే పాఠం మాటకు సంబంధించింది. తెలుగులో పొయ్యిదీ మంటే, కారందీ మంటే. పెద్దవాళ్లెవరైనా కారం కలిపిన నీళ్లలో థర్మామీటరు పెట్టి చూపిస్తే, పక్కనున్న మామూలు నీళ్ల కంటే ఒక్క డిగ్రీ కూడా ఎక్కువ చూపించదు. వేడిని పసిగట్టే నాడీ కణాల తలుపునే మిరపలోని క్యాప్సైసిన్ కూడా తడుతుంది. ఆ తలుపును కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కు 2021 నోబెల్‌లో వాటా దక్కింది. నాలుక అబద్ధం చెబుతుంది, కొలిచే పరికరం చెప్పదు. పరికరం ఎందుకన్నదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

సున్నం మాత్రం దూరం నుంచి చూడాల్సిందే. సుమారు 900 డిగ్రీల దగ్గర కాల్చిన సున్నపురాయి కార్బన్ డయాక్సైడును వదిలి పొడిసున్నం అవుతుంది. దాని మీద నీళ్లు పడితే సలసలా మరుగుతుంది. కంట్లో పడితే చూపే పోవచ్చు. ఇది పిల్లల చేతికివ్వాల్సిన ప్రయోగం కాదు.

క్వారీ పేలుడును దూరం నుంచే చూసినా చెప్పేది చాలా ఉంటుంది. కిలోమీటరు అవతల మందు పేలితే ముందు దుమ్ము లేవడం కనిపిస్తుంది. తర్వాత కాళ్ల కింద నేల అదురుతుంది, చివరికి చప్పుడు వినిపిస్తుంది. వెలుగు తక్షణం చేరుతుంది. రాతిలో ప్రకంపన సెకనుకు కొన్ని కిలోమీటర్లు పోతుంది. గాలిలో శబ్దం 340 నుంచి 350 మీటర్లే పోతుంది కాబట్టి దానికి మూడు సెకన్లు పడుతుంది. ఇంట్లో అయితే ఇదే సంగతికి బల్లకు చెవి ఆనించి రెండో కొస గోటితో గీరడం, అగ్గిపెట్టెల దారం ఫోను సరిపోతాయి.

పుస్తకాల పని ఇక్కడ మొదలవుతుంది. చేసి చూసిన పిల్లలకు పుస్తకం జవాబులా తగులుతుంది, చూడనివాళ్లకు మరో పాఠంలా. తెలుగులో ఈ పని అందంగా చేసినవారు మహీధర నళినీమోహన్. మాస్కోలో చదివి, ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాలలో శాస్త్రవేత్తగా పనిచేసిన ఆయన నిప్పు కథ, క్యాలెండర్ కథ, పిడుగు దేవర కథ లాంటివి రాశారు. పేర్లలోనే ‘కథ’ ఉండటం కాకతాళీయం కాదు. 1988లో ఏర్పడిన జనవిజ్ఞాన వేదిక పిల్లల కోసం నడిపే సైన్స్ పత్రిక పేరు చెకుముకి. రాయి కొడితేనే నిప్పు రాలుతుందన్న ధ్వని ఆ పేరులోనే ఉంది. ఒకప్పుడు విశాలాంధ్ర దుకాణాల్లో చవగ్గా దొరికిన సోవియట్ సైన్స్ పుస్తకాలు ఒక తరాన్ని ఈ దారి పట్టించాయి. వాడి పారేసిన వస్తువులతో బొమ్మలు చేయించే అరవింద్ గుప్తా పుస్తకాలు కొన్ని తెలుగులోకి వచ్చాయి. బొమ్మ చేయించకుండా వాటిని చదివించడం వంటల పుస్తకం చదివి ఆకలి తీర్చుకోవడమే.

రంగురంగుల సైన్స్ కిట్ల మీద డబ్బు పోయడం కంటే ఒక థర్మామీటరు, భూతద్దం, అయస్కాంతం, చిన్న తక్కెడ కొనడం నయం. పిల్లల ఊహ తప్పినప్పుడు దిద్దడానికి తొందరపడకూడదు. తప్పిన ఊహ రాసి ఉంచిన నోటుబుక్కు ఏడాది తర్వాత మంచి పాఠ్యపుస్తకం అవుతుంది. పెద్దలకు తెలియని ప్రశ్న వస్తే తెలియదని చెప్పి, కలిసి వెతకడమే సరైన పద్ధతి.

పిడుగు దేవర కథ తీయడానికి తొలకరి మబ్బులు కమ్మే సాయంత్రం మంచి అదను. పొలాల్లో దొరికే కొత్త రాతియుగపు నున్నటి గొడ్డళ్లను పిడుగుతో పాటు ఆకాశం నుంచి రాలిన రాళ్లని చాలా దేశాల్లో నమ్మేవారు. పిడుగు, రాళ్లు రెండూ పేరులోనే ఉన్న ఊళ్లో ఆ ముచ్చట పిల్లలకు ఇట్టే పడుతుంది. మెరుపు కనబడగానే ఒకటి, రెండు అని సెకన్ల లెక్క మొదలుపెట్టి, ఉరుము వినబడేదాకా సాగించాలి. వచ్చిన అంకెను మూడుతో భాగిస్తే మెరుపు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తేలుతుంది. లెక్క ముప్పైకి తగ్గిందంటే పుస్తకం చంకన పెట్టుకుని డాబా దిగి ఇంట్లోకి రావాలి.