'ది స్కార్లెట్ లెటర్' నవలలో పాపము, గోపనము
అమెరికన్ రచయిత నతానియేల్ హాథారన్ 1850లో ప్రకటించిన 'ది స్కార్లెట్ లెటర్' నవలకు రంగము పదునేడవ శతాబ్దమునాటి బోస్టన్. ప్యూరిటన్ల మతధర్మమే అచట రాజశాసనము. పాపకార్యము కథారంభమునకు పూర్వమే ముగిసినది. రచయిత చిత్రించినది దాని ఫలమును. పాపమొక్కటే యైనను ఫలము పాత్రపాత్రకును వేఱగుట గమనింపదగినది.

హెస్టర్ ప్రిన్ పాపము లోకవిదితము. వ్యభిచారచిహ్నముగా 'ఏ' అను ఎఱ్ఱని అక్షరమును ఆమె వక్షమున ధరింపవలసివచ్చెను. కాని ఆమె దీనసేవను చూచిన జనులు కాలక్రమమున ఆ అక్షరమునకు 'సమర్థురాలు' అను అర్థమును కల్పించిరి.

పాపభాగస్వామియైన మతాచార్యుడు డిమ్స్‌డేల్ తాను పాపినని ప్రసంగవేదికనుండియే పలికెను. ఏ పాపమో చెప్పనందున శ్రోతలు దానిని వినయముగా నెంచి మఱింత పూజించిరి. సత్యవచనమే అసత్యమునకు ముసుగైనది. ఉపవాసములును కొరడాదెబ్బలును దేహమును దండించినవేగాని, పశ్చాత్తాపము తనకు కలుగలేదని అతడే హెస్టరుతో ఒప్పుకొనెను.

హెస్టరు భర్త చిల్లింగ్‌వర్త్ మాఱుపేరుతో వైద్యుడై, ఆ ఆచార్యుని అంతరంగమును తవ్వుచు ప్రతీకారమునకే బ్రతికెను. ఆ రహస్యమును దాచినందులకు హెస్టరు సయితము డిమ్స్‌డేల్‌ను క్షమాపణ వేడెను.

తుదకు డిమ్స్‌డేల్ శిక్షావేదికపై పాపమును వెల్లడించి మరణించెను. ఏడాది తిరుగకమున్నే చిల్లింగ్‌వర్త్ గతించెను. ఏండ్లు గడచినపిదప హెస్టరు తిరిగివచ్చి, ఎవరును నిర్బంధింపకయే ఆ అక్షరమును మరల ధరించెను. నాటి శిక్ష ఆమెకు వ్రతమైనది. మనుష్యుని లోలోపల చెఱచునది పాపముకంటె దాని గోపనమేయని ఈ మువ్వురి కథ నిరూపించుచున్నది.