రెండు వ్యాధులు, రెండు ద్వారాలు: నడుమ నలుగుతున్న మనోరోగి

మానసిక వైద్యశాలలో చేరిన రోగికి మద్యం, గంజాయి లేదా పొగాకు వ్యసనం కూడా ఉన్నట్లయితే చికిత్స ఎక్కడ ప్రారంభించాలి? మనోవ్యాధి నయమయ్యాక రమ్మని వ్యసన విముక్తి కేంద్రం, తాగుడు మానిపించి తీసుకురమ్మని మానసిక వైద్యశాల చెబితే ఆ కుటుంబం వెళ్లేదెక్కడికి?

నిజానికి ఈ రెండు వ్యాధులు ఒకదానితో ఒకటి పెనవేసుకున్నవి. మద్యానికి బానిసైన వ్యక్తి హఠాత్తుగా మానివేస్తే రెండు మూడు రోజుల్లోనే వణుకు, మతిభ్రమ, లేని ఆకారాలు కనిపించడం వంటి లక్షణాలు తలెత్తవచ్చు. దీనిని కేవలం ఉన్మాదంగా భావించి ఉపేక్షిస్తే ప్రాణాలకే ముప్పు. స్కిజోఫ్రీనియా రోగులకు గంజాయి వల్ల వ్యాధి తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ.

బీడీ, సిగరెట్ల సంగతి మరీ విచిత్రం. వాటి పొగ ప్రభావంతో క్లోజపిన్, ఒలాంజపిన్ వంటి మందులను కాలేయం త్వరితంగా విచ్ఛిన్నం చేస్తుంది. ఆసుపత్రిలో పొగ మానిన రోగి రక్తంలో, మోతాదు మారకపోయినా, మందు స్థాయి పెరుగుతుంది. ఇంటికి వెళ్లి మళ్లీ బీడీ ముట్టిస్తే ఆ స్థాయి పడిపోతుంది. అందుకే అలవాట్లను వైద్యుడు అడిగి తెలుసుకోవాలి, రోగి దాచకుండా చెప్పాలి.

బెంగళూరులోని నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాలలో నిర్వహించిన జాతీయ సర్వే ప్రకారం వయోజనుల్లో 4.6 శాతం మంది మద్యపాన రుగ్మతతో బాధపడుతున్నారు. వారిలో సుమారు 86 శాతం మందికి చికిత్స అందడం లేదు. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందుతున్నట్లు ఢిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో రూపొంది 2019లో విడుదలైన నివేదిక వెల్లడించింది.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నది. 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను కూడా మానసిక వ్యాధి నిర్వచనంలో చేర్చింది. అయితే పాలనలో చీలిక తొలగలేదు. మానసిక వైద్యం ఆరోగ్య మంత్రిత్వశాఖ పరిధిలో ఉండగా, స్వచ్ఛంద సంస్థలు నడిపే వ్యసన విముక్తి కేంద్రాలకు నిధులిచ్చేది సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ.

1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ద్వారా జిల్లా ఆసుపత్రుల్లోనే ఈ రెండింటికీ ఒకే వైద్య బృందం చికిత్స చేసే ఏర్పాటు జరగాలి. 2022లో ప్రారంభమైన టెలి మానస్ 14416 నంబరు సలహా చెప్పగలదు కానీ, పడక, మందు ఇవ్వలేదు. రోగిని రెండుగా విభజించి చూసినంత కాలం ఏ వ్యాధీ పూర్తిగా నయం కాదు.