ఖేల్‌రత్న ఎవలికి: మన మల్లీశ్వరికా, కుంజరాణికా?

"ఒలింపిక్ పతకం నేకుండా ఖేల్‌రత్న ఏటి?" అని పలాస, టెక్కలి కుర్రోళ్లు అడుగుతుంటారు. మన ఊసవానిపేట కరణం మల్లీశ్వరి సంగతి సూడండి. ఆమెకి 1995-96 ఖేల్‌రత్న ఇచ్చినారు. ఒలింపిక్స్‌లో ఆడోళ్ల వెయిట్‌లిఫ్టింగ్ 2000లో సిడ్నీ కాడే మొదలైనాది! మరి దేన్ని సూసి ఇచ్చినారు? 1994, 1995 ప్రపంచ పోటీల్లో వరసగా బంగారం.

మణిపూర్ కుంజరాణి అంతకు ముందే ప్రపంచ పోటీల్లో వెండి పతకాలు తెచ్చినాది. దారేసింది ఆమే, కాదన్లేం. ఆమెకి మరుసటేడు లియాండర్ పేస్‌తో పాటు ఇచ్చినారు. అయినా ముందు వరస నాకు మల్లీశ్వరిదే: బంగారం ఆమెదే. సిడ్నీలో 240 కిలోలెత్తి కంచు తెచ్చినాది.

ఉద్దానం పిల్లలకీ అదే లెక్క. ముందు ఆడే సోటియ్యండి, తరవాతే పతకం అడగండి.