కరువు కూలి కన్నా తక్కువ తిండి

1877లో ధాత కరువు నడుస్తోంది. అనంతపురం సీమ అప్పటికింకా బళ్లారి జిల్లాలోనే ఉంది. కరువు పనుల్లో రాళ్లు మోసే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఆపైన కాస్త చిల్లర చాలని బ్రిటిష్ అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టారు. పౌనంటే సుమారు 450 గ్రాములు. అందులో వచ్చే శక్తి దాదాపు 1,600 కేలరీలు. ఈ తిండితో మనిషి నిలవడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించారు. కొన్ని నెలలకే మద్రాసు ప్రభుత్వం కూలి పెంచాల్సి వచ్చింది.

1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాల పాటు ఇంచుమించు అంతే తిండి పెట్టి చూశారు: రోజుకు సుమారు 1,570 కేలరీలు. ఒంటి బరువులో నాలుగో వంతు పోయింది. నాడి మందగించింది. ఎండాకాలంలోనూ చలేసేది. కాళ్లకు నీరొచ్చింది, చీలమండ దగ్గర వేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపటికిగానీ పూడేది కాదు. నిద్రలో, మెలకువలో తిండి ధ్యాసే.

ఇక 1976కు రండి. రాబర్ట్ లిన్ అనే అమెరికన్ వైద్యుడు రాసిన పుస్తకంతో ‘ద్రవ ప్రొటీన్’ పథ్యం ఊపందుకుంది. పశువుల తోళ్లు, ఎముకలు, స్నాయువులు ఉడికించి తీసిన ద్రవం తాగడమే ఆ పథ్యం. రోజుకు 400 కేలరీలు కూడా రావు, అంటే కరువు కూలిలో నాలుగో వంతు! దాన్ని జనం డబ్బిచ్చి కొన్నారు. సుమారు 60 మరణాలు నమోదయ్యాయి. పరిశోధకులు లోతుగా పరిశీలించిన 17 మందిలో గుండె లయ తప్పడమే ప్రధానంగా కనిపించింది. పస్తులుంటే కొవ్వొక్కటే కరగదు, కండా పోతుంది. గుండె కూడా కండే. దానికితోడు పొటాషియం వంటి లవణాలు పడిపోతే మనిషి ఉన్నట్టుండి కుప్పకూలుతాడు.

తిండి తగ్గించకుండానే సన్నబడాలనుకున్న వాళ్ల కథ ఇంకా ఘోరం. 1933 నుంచి అమెరికాలో డైనైట్రోఫినాల్‌ను సుమారు లక్ష మంది మింగారు. తిన్న తిండి శక్తిగా మారకుండా వేడిగా పోయేలా చేసే రసాయనం ఇది. కళ్లకు శుక్లాలొచ్చాయి, ఒళ్లు కాలిపోయి కొందరు చనిపోయారు. 1938లో దాన్ని ఆపేశారు. విరుగుడు ఈనాటికీ లేదు. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో అదెంత ప్రమాదమో వేరే చెప్పాలా?

సన్నబడటానికి వాడే సిబుట్రమిన్ మాత్ర మన దగ్గరా అమ్ముడుపోయింది. గుండెజబ్బు ముప్పున్న సుమారు 10,000 మందిపై జరిపిన పరిశీలనలో గుండెపోటు, పక్షవాతం వంటివి 16 శాతం ఎక్కువ కనిపించాయి. భారత్ 2011లో నిషేధించింది. అయినా ‘మూలికలు’ అని రాసిన స్లిమ్మింగ్ మాత్రల్లో అది చాటుగా కలిసి పలుచోట్ల పట్టుబడింది. నన్నడిగితే, సీసా మీద ఆకు బొమ్మ చూసి నమ్మడం కన్నా లోపలి సరుకేంటో తెలియదని భయపడటమే మేలు.

ఈ విషయం ఇక్కడెందుకంటే, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం మహిళలు అధిక బరువుతో ఉన్నారు, దాదాపు 59 శాతం మందికి రక్తహీనత. లావున్న మనిషికి రక్తం తక్కువుండటం అరుదేం కాదు. అలాంటి వాళ్లు కడుపు మాడ్చుకుంటే నష్టం రెట్టింపు.

ఎవరైనా పథ్యం చెబితే రోజుకు ఎన్ని కేలరీలో అడగండి. 800 లోపైతే డాక్టరు పర్యవేక్షణ లేకుండా మొదలుపెట్టొద్దు. వారానికి కిలోన్నర మించి తగ్గితే పిత్తాశయంలో రాళ్ల ముప్పు పెరుగుతుంది. షుగరు మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్లు డాక్టరును అడగకుండా పూట మానొద్దు. గుండె దడ, కళ్లు తిరగడం కనిపిస్తే పథ్యం అక్కడే ఆపి ఆస్పత్రికి వెళ్లండి.