సముద్రం అడుగున ముగ్గురు

తిరువొత్తియూరు త్యాగరాజస్వామి గుడి నుంచి తూర్పుకు నడిస్తే కాసేపట్లోనే సముద్రం వస్తుంది. ఒడ్డు కోతను ఆపడానికి పోసిన పెద్ద పెద్ద రాళ్ల మీద సాయంత్రాలు జనం కూర్చుంటారు. దక్షిణంగా చూస్తే కాశిమేడు పడవలు, ఇంకాస్త అవతల హార్బరు క్రేన్లు. 1971 నవంబరు చివర్లో ఈ మద్రాసు తీరానికి ఆవలే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం వెతుకుతూ తిరిగింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. ఇక్కడ దొరకని వేట కోసం ఘాజీ విశాఖపట్నం దారి పట్టింది. అక్కడే మునిగిపోయింది.

ఈ సంగతి ఆధారంగా సంకల్ప్ రెడ్డి తీసిన ‘ఘాజీ’ 2017 ఫిబ్రవరిలో వచ్చింది. తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు కూడా తెచ్చుకుంది. చాలామందికి అది దేశభక్తి సినిమాగా గుర్తుండిపోయింది. నాకు మాత్రం అది ముగ్గురు అధికారుల కథ. పై అధికారి స్వభావాన్ని బట్టి కింద పనిచేసేవాళ్ల గుండె నిబ్బరం ఎలా పెరుగుతుందో, ఎలా జారిపోతుందో ఇంత దగ్గరగా చూపించిన తెలుగు సినిమా మరొకటి నాకు తెలియదు.

ముందు ఆ చోటు ఎలాంటిదో తెలియాలి. విశాఖ రామకృష్ణా బీచిలో మ్యూజియంగా ఉంచిన కుర్సురా జలాంతర్గామిలోకి వెళ్లినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పొడవు 91 మీటర్లు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి ఇనుప కంతలోంచి ముందు ఒక కాలు పెట్టి, తల వంచి, నడుము వంచి దూరాలి. అటూ ఇటూ పైపులు, చక్రాలు, మీటర్లు. వాటి సందుల్లోనే పడకలు. ఆ గొట్టంలో డెబ్బై మందికి పైగా వారాల తరబడి బతకాలి. కిటికీ ఉండదు. బయట ఏం జరుగుతోందో నావికుడికి కనిపించదు, అతనికి కనిపించేది తన ముందున్న మీటరు, తన పై అధికారి ముఖం, అంతే. ఆ ముఖంలో బెదురు కనిపిస్తే గది గదికీ పాకడానికి ఎంతోసేపు పట్టదు.

సినిమాలో ఘాజీని వెతకడానికి వెళ్లే మన జలాంతర్గామి ఎస్-21. దాని కెప్టెన్ రణ్‌విజయ్ సింగ్, అంటే కేకే మేనన్. కొడుకును పోగొట్టుకున్న తండ్రి. శత్రువు కనబడితే కొట్టాలి, ఆర్డరు వచ్చేదాకా ఆగితే మనవాళ్లు పోతారు అన్నది అతని నమ్మకం. అతని దూకుడుకు పగ్గం వెయ్యమని పైనుంచి పంపిన అధికారి అర్జున్ వర్మ, రానా. వెతకమన్నారు గాని కొట్టమనలేదు, మన తొందరవల్ల యుద్ధం మొదలవకూడదు అంటాడు. ఈ ఇద్దరి మధ్య దేవరాజ్, అతుల్ కులకర్ణి.

హాలీవుడ్‌లో 1995లో వచ్చిన ‘క్రిమ్సన్ టైడ్’లోనూ జలాంతర్గామిలో కెప్టెన్‌కీ, కింది అధికారికీ ఇలాగే ఆర్డరు మీద తగువు వస్తుంది. అక్కడ సిబ్బంది రెండు ముఠాలుగా చీలి, ఒకరి మీద ఒకరు తుపాకులు ఎత్తేదాకా వెళుతుంది. ‘ఘాజీ’లో అలా జరగదు. అది దేవరాజ్ పుణ్యమేనని నేనంటాను.

రణ్‌విజయ్‌ను చెడ్డ నాయకుడని కొట్టిపారెయ్యడం తప్పు. అతని దగ్గర నావికులకు ఒక పెద్ద ధీమా ఉంది. ఆయన ఏం చేస్తాడో వాళ్లకు ముందే తెలుసు. వెనకడుగు వెయ్యడు, తన వాళ్లను వదలడు. ప్రమాదంలో ఉన్నప్పుడు మనిషికి ఈ తెలిసి ఉండడమే సగం బలం. లోపం ఎక్కడుందంటే, ఆయన మనసులోని దుఃఖం ఎప్పుడు ఆర్డరు రూపంలో బయటికొస్తుందో ఎవరికీ తెలియదు. ఇది యుద్ధ లెక్కా, కొడుకు కోసం కక్షా అన్న అనుమానం ఒక్కసారి తలెత్తిందంటే, చక్రం తిప్పే చెయ్యి ఒక్క క్షణం తడబడుతుంది. సముద్రం అడుగున ఆ ఒక్క క్షణం చాలు.

అర్జున్‌ది ఇంకో రకం చిక్కు. అతను చెప్పేది న్యాయం. కానీ కొత్తగా వచ్చినవాడు, పైగా కాపలాకు వచ్చినవాడు. కెప్టెన్ మాటకు అందరి ముందూ అడ్డు చెబుతాడు. కంట్రోల్ రూములో ఇద్దరు అధికారులు గొంతు పెంచిన ఘట్టాల్లో హీరోల్ని వదిలేసి చుట్టూ కూర్చున్న నావికుల్ని చూడండి. కళ్లు మీటర్ల మీదే ఉంటాయి, చెవులు మాత్రం వెనక్కి ఉంటాయి. ఇంట్లో అమ్మానాన్న పోట్లాడుకుంటుంటే పుస్తకం ముందు పెట్టుకున్న పిల్లల్లాగే ఉంటారు.

దేవరాజ్‌కు కెప్టెన్ మీద గౌరవం ఉంది, అర్జున్ మాటలో నిజముందనీ తెలుసు. ఏ ఒక్కరి పక్షానా జెండా ఎత్తడు. నావికుల ముందు కెప్టెన్ కుర్చీకి విలువ తగ్గనివ్వడు. ఈ నేర్పు మన ఫ్యాక్టరీల్లో ఫోర్‌మన్లకు బాగా తెలుసు. తిరువొత్తియూరు, విమ్కో నగర్ చుట్టుపక్కల టైర్లు, మోటారు సైకిళ్లు, అగ్గిపెట్టెలు చేసిన షాపుల్లో తరాలు పనిచేశాయి. మేనేజరు కోపాన్ని కార్మికులకు పనిగా మార్చి చెప్పేవాడూ, కార్మికుల విసుగును మేనేజరుకు మాటగా మార్చి చెప్పేవాడూ అక్కడ ఒకడే. వాడు సెలవు పెట్టిన రోజు షిఫ్టు ఎలా నడుస్తుందో చేసినవాళ్లకే తెలుసు.

కథ మధ్యలో మందుపాతర పేలి ఎస్-21 దెబ్బతింటుంది. తనకు అడుగడుగునా అడ్డుపడిన అర్జున్‌ను కాపాడుతూ రణ్‌విజయ్ ప్రాణం విడుస్తాడు. సిబ్బంది కుప్పకూలిపోవాల్సిన ఘట్టం అది. కూలిపోరు. పగ్గాలు అర్జున్ చేతికొస్తే దేవరాజ్ మారుమాట లేకుండా అతని పక్కన నిలబడతాడు. అర్జున్ కూడా చనిపోయినవాడి తెగువను తనలోకి తీసుకుంటాడు. జాతీయ గీతం పాడి శత్రువును రెచ్చగొట్టే ఘట్టానికి హాల్లో చప్పట్లు మోగాయి. ఆ పాటవల్ల ధైర్యం వచ్చిందని నేననుకోను. ధైర్యం అంతకుముందే, ఆ ముగ్గురు ఒకరినొకరు అవమానించుకోకుండా పోట్లాడుకున్నప్పుడే వచ్చింది. అది పాటగా బయటపడింది.

నాయకుడి మర్యాద గురించి ఈ మద్రాసు తీరంలోనే ఇంకో కథ ఉంది. మా వైపు తమిళులు కఠినమైన తండ్రిని ‘ఎమ్డెన్’ అంటారు. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు హార్బరులో చమురు ట్యాంకుల మీద గుండ్లు కురిపించిన జర్మన్ నౌక పేరది. ఆ నౌక కెప్టెన్ ఫాన్ ముల్లర్ మాత్రం కఠినుడిగా పేరు పడలేదు. పట్టుకున్న ఓడల్లోని మనుషుల్ని అతను ఎంత మర్యాదగా చూశాడంటే, వదిలిపెట్టినప్పుడు ఆ బందీలే జేజేలు కొట్టారు. భయం పుట్టించింది ఫిరంగులు, సిబ్బందిని కలిపి ఉంచింది ఆ మర్యాద. ఊరికి గుర్తున్నది మాత్రం ఫిరంగులే.

సినిమాలో ఘాజీని ముంచేది ఎస్-21. మన నౌకాదళం చెప్పే చరిత్రలో ఆ పని చేసింది ఐఎన్ఎస్ రాజ్‌పుత్, రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత నౌక. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఆ నౌకను విక్రాంత్‌లా నటించమన్నాడు. వైర్‌లెస్ సందేశాలు పెంచి, విశాఖలో విక్రాంత్‌కు సరిపడా సరుకులకు ఆర్డర్లు పెట్టించి, శత్రువును నమ్మించాడు. ఇందులో నాకు ముఖ్యమనిపించేది వేరే ఉంది. రాజ్‌పుత్ కెప్టెన్ ఇందర్ సింగ్‌ను పిలిచి ఎందుకు ఈ నటనో, ఎంత ప్రమాదమో దాచకుండా చెప్పాడు. ఎర అయినవాడికి తాను ఎరనని తెలుసు. డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ రేవు దాటుతూ నీళ్లలో కదలిక కనబడగానే ఇందర్ సింగ్ ఎవరినీ అడగలేదు, అడిగే అవసరం రాకుండానే కృష్ణన్ అంతా చెప్పి ఉన్నాడు. డెప్త్ చార్జీలు వదిలాడు. కొద్ది నిమిషాలకు విశాఖలో కిటికీ అద్దాలు అదిరిన పేలుడు వినబడింది. తన మందుపాతరలే పేలో, లోపలి పేలుడువల్లో ఘాజీ పోయిందని పాకిస్తాన్ వాదన. ఆ వాదన ఇప్పటికీ తెగలేదు.

సినిమాలో ఘాజీ కెప్టెన్‌కు గట్టిగా అరవడం తప్ప పెద్ద పని లేదు. అక్కడ కూడా ఒక దేవరాజ్ ఉండి ఉంటాడు. తెల్లవారాక నీళ్ల మీద తేలుతున్న వస్తువుల్ని జాలర్లు ఒడ్డుకు తెచ్చారు. వాటిలో ఒక లైఫ్ జాకెట్ ఉంది. లోపలున్న తొంభై మందికి పైగా మనుషుల్లో ఆఖరి గంటలో ఎవరు ఎవరితో ఏమన్నారో చెప్పడానికి ఒక్కరూ బయటికి రాలేదు.